సమావకాశ సలహా సంఘము: మౌనవాద ఖండనము

విశ్వవిద్యాలయములందు రిజర్వేషన్ల అమలును పరిశీలించి, వెనుకబడిన వర్గముల విద్యార్థుల యొక్కయు అధ్యాపకుల యొక్కయు స్థితిగతులను విచారించి, పాలకవర్గమునకు సలహా నొసగుటకై ఏర్పడిన సంఘములను గూర్చి మన విద్యాధికులలో ఒక అభిప్రాయము బహుకాలముగా పాతుకొని యున్నది. ఎస్సీ ఎస్టీ సెల్ అయినను, సమాన అవకాశాల విభాగమైనను, స్థాయీసంఘమైనను, పేరేదైనను, అది చేయవలసిన పని స్వల్పమనియు, ఎవరికి ఎన్ని సీట్లో ఎన్ని ఉద్యోగములో రాజ్యాంగమును శాసనములును ముందే నిర్ణయించి యుండగా సలహా చెప్పుటకు మిగిలినది ఏమియు లేదనియు, విద్యార్థి యెవడైన ఫిర్యాదుతో వచ్చిననాడు విని ఓదార్చి పంపుట, అంబేద్కర్ జయంతికి సభ జరుపుట, ఢిల్లీనుండి వచ్చిన నమూనా పత్రములను నింపి తిరుగ పంపుట, ఇంతటితో దాని ధర్మము తీరిపోవుననియు, అంతకు మించి మాటాడినచో అది అధికారాతిక్రమణ మగుననియు ఆ అభిప్రాయము యొక్క సారాంశము. ఇది దురుద్దేశముతో పుట్టినదని నేననను. దీనిని నమ్మువారిలో సజ్జనులు కలరు. రిజర్వేషన్లను మనసారా సమర్థించువారు సైతము కలరు. కాని యిది అసత్యము. అసత్యమగుటయే గాక, రాజ్యాంగము ప్రసాదించిన హక్కు ఎవరికిని తెలియకుండ హరించుకొనిపోవుటకు దారి చూపునట్టి అసత్యము. కావుననే దీనిని సాకల్యముగా ఖండింపవలసి యున్నది.

సలహా సంఘమునకు నిర్ణయాధికారము లేదనుట నిజమే. నియామకములు చేయునది పాలకమండలి. పాఠ్యములను, ప్రవేశ విధానములను తీర్చునది విద్యామండలి. ఆ యధికారమును సలహా సంఘమునకు ధారపోయవలెనని నేను కోరుట లేదు. అయితే నిర్ణయాధికారము లేనివానికి మాటాడు అధికారము కూడ లేదనియు, విన్నవాడు బదులు చెప్పకుండుటకు స్వతంత్రుడనియు ఊహించుటలోనే పొరపాటున్నది. ఈ విషయమున మన రాజ్యాంగమే మార్గము చూపినది. 338వ అధికరణము ననుసరించి ఏర్పడిన జాతీయ షెడ్యూల్డ్ కులముల కమిషన్ సిఫార్సులు చేయు సంస్థయే గదా! అయినను దాని నివేదికలను రాష్ట్రపతి పార్లమెంటు ఉభయసభల యెదుట ఉంచవలెననియు, కేంద్రమునకు సంబంధించిన ఏ సిఫార్సుపై ఏ చర్య గైకొన్నదియు, దేనినైన అంగీకరింపనిచో ఎందుచేత అంగీకరింపలేదో ఆ కారణములను వివరించు పత్రమును వానికి జతపరుపవలెననియు ఆ అధికరణము శాసించుచున్నది. వెనుకబడిన తరగతుల స్థితిని విచారించు కమిషన్‌ను నియమించుటకు వీలు కల్పించు 340వ అధికరణమునను, నివేదికతోపాటు చర్యల వివరణ పత్రమును సభల ముందుంచవలెనను నియమము కలదు. తిరస్కరించు స్వేచ్ఛ పాలకునకు కలదు. కారణము చెప్పకుండ తిరస్కరించు స్వేచ్ఛ లేదు. దేశము యొక్క సర్వోన్నత పాలకవ్యవస్థను ఇట్లు బంధించిన నియమము ఒక విశ్వవిద్యాలయపు ఉపకులపతికి మాత్రము అవమానకర మగునని చెప్పుట ఎట్టి న్యాయము?

సలహా సంఘముల నిరర్థకతకు దృష్టాంతముగా వెనుకబడిన తరగతులను గూర్చిన మండల్ కమిషన్‌ను చూపువారు కలరు. 1979లో నియుక్తమై 1980 డిసెంబరులో నివేదిక సమర్పించిన ఆ కమిషన్ మాట దాదాపు పదేండ్లు బీరువాలలోనే యుండెను గదా యందురు. నాకు అదే చరిత్ర దీనికి విరుద్ధమైన పాఠమును చెప్పుచున్నది. 1990 ఆగస్టులో ప్రభుత్వము ఆ నివేదికను అమలుపరుప సంకల్పించినప్పుడు గాని, 1992 నవంబరులో ఇంద్రా సాహ్నీ వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 27 శాతము రిజర్వేషనును అధికసంఖ్యాకుల తీర్పుతో నిలిపినప్పుడు గాని, కాలూనుటకు చోటు చూపినది పదేండ్ల క్రిందట జరిగిన ఆ విచారణయే. వినువారు లేని కాలమునకూడ విచారించి, లెక్కించి, వ్రాసి యుంచిరి గనుకనే వినువారు వచ్చిన కాలమున చెప్పుటకు మాట యున్నది.

ఆంధ్రదేశ చరిత్రలో ఇంతకన్న స్పష్టమైన నిదర్శన మున్నది. 1966లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెనుకబడిన తరగతుల జాబితా నొకదానిని తయారుచేసి వైద్యకళాశాలలలో సీట్లు కేటాయింపగా హైకోర్టు దానిని కొట్టివేసినది, 1968లో పి. సాగర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టును ఆ జాబితాను నిలుపలేదు. రిజర్వేషనులపై ద్వేషముచేత కాదు. ఏ విచారణ జరిపి, ఏ ప్రమాణముచేత ఈ కులములను ఈ జాబితాలో చేర్చితిరో చూపుడనగా ప్రభుత్వమువద్ద చూపుటకు సామగ్రి లేకపోయినది. పిదప అనంతరామన్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ జిల్లాలు తిరిగి, సాక్ష్యములు సేకరించి, 1970లో నివేదిక నొసగినది. దాని ననుసరించి ప్రభుత్వము 25 శాతము కేటాయించినది. ఆ కేటాయింపు మరల న్యాయస్థానమున కెక్కగా 1972లో బలరాం వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. రాష్ట్రమదే, సంకల్పమదే, లబ్ధి పొందవలసిన ప్రజలు వారే. నాలుగేండ్ల నడుమ వచ్చిన భేదము విచారించి వ్రాసిన సలహా ఒక్కటి. సదుద్దేశము కలిగిన పాలకుడు కూడ, అంకెలు చేతలేనప్పుడు, తాను మేలుచేయదలచిన వారికే కీడు చేసినవాడగునని మన రాష్ట్రము అనుభవముచేత నేర్చుకొన్నది.

ఇక శాసనము సర్వమును నిర్ణయించినది, సలహాకు తావెక్కడ అను వాదమును పరిశీలింతము. ఇది ఈ మౌనవాదమునకు మూలస్తంభము. శాసనము నిర్ణయించునది శాతములను మాత్రమే. కేంద్ర విశ్వవిద్యాలయములలో షెడ్యూల్డ్ కులములకు 15, షెడ్యూల్డ్ తెగలకు 7.5, ఇతర వెనుకబడిన తరగతులకు 27 అని అందరు నెరుగుదురు. కాని శాతము ఉద్యోగము కాదు. శాతమును ఉద్యోగముగా మార్చునది రిజిస్ట్రారు కార్యాలయములోని రోస్టరు రిజిస్టరు. ఎన్నవ పదవి ఎవరికి చెందునో వరుసగా గుర్తించు పట్టిక. పై శాతముల ప్రకారము లెక్కించినచో నాలుగవ పదవి ఓబీసీలకు, ఏడవది షెడ్యూల్డ్ కులములకు, ఎనిమిదవదియు పండ్రెండవదియు మరల ఓబీసీలకు, పదునాల్గవది షెడ్యూల్డ్ తెగలకు వచ్చును. ఈ వరుసను విశ్వవిద్యాలయ మంతటికి ఒక్కటిగా నడుపుదుమా, ఒక్కొక్క శాఖకు వేరువేరుగా నడుపుదుమా అను ప్రశ్న పైకి గుమాస్తాల పనివలె కనిపించును. 2017 ఏప్రిల్‌లో అలహాబాదు హైకోర్టు శాఖనే ప్రమాణముగా గ్రహింపవలెనని తీర్పు చెప్పగా, దాని ననుసరించి 2018 మార్చి 5న విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము (యూజీసీ) విశ్వవిద్యాలయములకు ఉత్తరువు పంపినది.

నలుబది శాఖలును, శాఖకు ఆరేసి అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవులును గల విశ్వవిద్యాలయము నొకదానిని ఊహింపుడు. మొత్తము 240 పదవులు. విశ్వవిద్యాలయ మంతయు ఒక్క ప్రమాణమైనచో షెడ్యూల్డ్ కులములకు 36, తెగలకు 18, ఓబీసీలకు 64 పదవులు రావలెను. శాఖయే ప్రమాణమైనచో, ఏ శాఖలోను ఏడవ పదవి లేదు గనుక మొదటి భర్తీలో షెడ్యూల్డ్ కులములకు సున్న. పదునాల్గవది లేనే లేదు గనుక తెగలకు సున్న. శాఖకొక్కటి చొప్పున ఓబీసీలకు 40. శాతములలో అంకె మారలేదు. రాజ్యాంగములో అక్షరము మారలేదు. అయినను 118 పదవులు 40కి దిగినవి. ప్రొఫెసర్ పదవుల సంగతి చెప్పనే యక్కరలేదు. శాఖకు ఒకటో రెండో ఉండు ఆ పదవులలో నాలుగవ స్థానమే రాదు. ఖాళీ యేర్పడినప్పుడు వరుస ముందుకు జరుగును గదా యని సమాధానము చెప్పుదురు. ఆ ఖాళీ యేర్పడుటకు నేడు నియుక్తుడైన యువకుడు మూడు దశాబ్దములు పనిచేసి విరమింపవలెను. నేడు పరిశోధన ముగించి పట్టా పుచ్చుకొన్న గిరిజన యువతితో, నీ వరుస నీ కుమార్తె కాలమున వచ్చునని చెప్పుటకును, నీకు హక్కు లేదని చెప్పుటకును గల వ్యత్యాస మేమో నాకు బోధపడదు.

దేశవ్యాప్తముగా అధ్యాపకులు, విద్యార్థులు ఆందోళన చేసినమీదట, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వపు అప్పీలును త్రోసిపుచ్చిన పిమ్మట, మార్చిలో ఆర్డినెన్సును, అదే సంవత్సరము పార్లమెంటు శాసనమును వచ్చి విశ్వవిద్యాలయమునే ప్రమాణముగా స్థిరపరచినవి. ఆ శాసనమును నేను స్వాగతించుచున్నాను. కాని నా ప్రశ్న వేరు. యూజీసీ ఉత్తరువు చేరిన వారములోనే ప్రతి విశ్వవిద్యాలయపు సలహా సంఘమును రోస్టరు రిజిస్టరును తెప్పించుకొని, పై లెక్కను తమ పదవులకు వర్తింపజేసి, ఇన్ని పదవులు పోవుచున్నవని పాలకమండలికి వ్రాసి యుండవలదా? ఆ వ్రాత ఉత్తరువును రద్దు చేయలేకపోవచ్చును. ఆ ఉత్తరువు ప్రకారము ప్రకటన లిచ్చు పాలకులు తెలిసియే ఇచ్చుచున్నారని స్థిరపరచి యుండెడిది. కృష్ణా గోదావరీ డెల్టాల రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. కాలువవెంట తిరుగు లస్కరుకు నీరు ఎంత వదలవలెనో నిర్ణయించు అధికారము లేదు. కాని చివరి ఆయకట్టుకు నీరు చేరినదో లేదో నడిచి చూచి చెప్పువాడు లేనిచో, ఆనకట్టవద్ద ఇన్ని క్యూసెక్కులు వదలితిమని వ్రాసుకొన్న పుస్తకము చివరి పొలమును తడుపదు.

తెలుగు రాష్ట్రములలో ఈ పని నేడు మరింత సూక్ష్మమైనది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ కులముల వర్గీకరణకు అనుమతి నిచ్చిన పిమ్మట, 2025లో తెలంగాణము తన 15 శాతమును 1, 9, 5 శాతములుగను, ఆంధ్రప్రదేశము 1, 6.5, 7.5 శాతములుగను మూడు వర్గములకు పంచినవి. మాదిగ దండోరా మూడు దశాబ్దములు చేసిన పోరాటమునకు లభించిన ఫలమిది. ఒక శాతము అనగా నూరు పదవులకు ఒక్కటి. అత్యంత వెనుకబడిన కులములకు చెందిన ఆ ఒక్క పదవి ఏ శాఖలో, ఏ సంవత్సరమున, ఎన్నవ స్థానమున వచ్చునో, అది వచ్చినప్పుడు భర్తీ యగునో, ఖాళీగా మిగులునో, ఎవరు చూచెదరు? శాసనసభ చూడదు. హైకోర్టు, ఎవరైన వ్యాజ్యము వేసిననే గాని చూడదు. చూడవలసినది విశ్వవిద్యాలయములోని సంఘమే.

ఖాళీగా మిగులు సంగతి ఎత్తితిని గనుక దానినిగూర్చి రెండు మాటలు. అభ్యర్థులు వచ్చిరి, అర్హతలు కలవు, ఇంటర్వ్యూ జరిగినది. తుదకు 'తగినవారు లభింపలేదు' అను ముద్ర వేసి రిజర్వు పదవిని ఖాళీగా వదలుట మన విశ్వవిద్యాలయములలో చిరపరిచితమైన పద్ధతి. అఖిల భారత ఉన్నత విద్యా సర్వేక్షణము 2021-22 ప్రకారము దేశములో ఉన్నత విద్య నభ్యసించు 4 కోట్ల 33 లక్షలమందిలో షెడ్యూల్డ్ కులములవారు దాదాపు 66 లక్షలు, అనగా 15 శాతమునకు మించినవారు. అధ్యాపకులలోనో, ఆ సర్వేక్షణముల ప్రకారమే, వారి పాలు సుమారు 9 శాతము. తెగలవారి పాలు రెండున్నర శాతమునకు దరిదాపు. తరగతిగదిలో బల్లమీద కూర్చుండువానికిని, వాని యెదుట నిలిచి బోధించువానికిని నడుమ ఈ యంతర మెక్కడ పుట్టినదో తెలియవలెనన్నచో, ఎంతమంది దరఖాస్తు పెట్టిరి, ఎంతమంది పిలువబడిరి, ఎంతమంది త్రోసివేయబడిరి, ఏ కారణము వ్రాయబడినది అను నాలుగు గడుల పట్టిక ప్రతి నియామకమునకును ఉండవలెను. 2023 డిసెంబరు చివర యూజీసీ ప్రకటించిన ముసాయిదా మార్గదర్శకములలో రిజర్వు పదవులను సాధారణ పదవులుగా మార్చుటకు సంబంధించిన అధ్యాయ మొకటి కనబడగా దేశమంతట నిరసన చెలరేగి, మరుసటి నెలలోనే ఏ పదవిని అట్లు మార్చబోమని ప్రభుత్వము ప్రకటింపవలసి వచ్చినది. నిరసన ఫలించినది, సంతోషమే. అయినను నిరసన ప్రతిదినము జరుగదు. పట్టిక ప్రతిదినము ఉండవచ్చును.

ఇచ్చట ప్రతిభావాదులు అడ్డుపడుదురు. విద్యావిషయములలో నిపుణుల నిర్ణయమే పరమమనియు, మార్కులు వేయు గదిలోనికి బయటివారు తొంగిచూచినచో ప్రమాణములు పతనమగుననియు వారి వాదము. ప్రమాణములయెడ వారి ఆదరమును నేను గౌరవింతును. నాకును ఆ ఆదరము కలదు. కావుననే అడుగుచున్నాను: కొలబద్ద సరియైనదో కాదో పరీక్షించుట కొలతకు అవమానమా? జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున పరిశోధన ప్రవేశములలో వ్రాతపరీక్షకు 70, వైవాకు 30 మార్కులుండిన కాలమున, విద్యార్థులు ఏండ్ల తరబడి చేసిన ఆరోపణపై, 2016లో అబ్దుల్ నాఫే అధ్యక్షతన గల సంఘము ప్రవేశముల దత్తాంశమును తెప్పించి, వ్రాతలో వచ్చిన మార్కులను వైవాలో వచ్చిన వానితో పోల్చి చూచినది. వర్గమును బట్టి వైవా మార్కులలో వ్యత్యాసము వరుసగా కానవచ్చుచున్నదని తేల్చి, వైవాకు 30 మార్కులను 15కు తగ్గింపుడని సలహా నిచ్చినది. ఎవరినో దోషులని నిందింపలేదు. ఏ ఆచార్యుని పేరును ఎత్తలేదు. పేరు వ్రాయని వ్రాతపరీక్షలో ఒక విధముగను, ముఖము చూచి పలుకరించు వైవాలో మరియొక విధముగను మార్కులు వచ్చుచున్నవను సత్యమును మాత్రము బల్లమీద నుంచినది. దీనివలన ప్రతిభకు కలిగిన నష్టమేమి? వ్రాతలో తన శక్తిని నిరూపించుకొన్న విద్యార్థి ప్రతిభ, పదిహేను నిమిషముల సంభాషణలో వాని యింగ్లీషు ఉచ్చారణ వలన, వాని ఊరిపేరు వలన తరిగిపోకుండ కాపాడినట్లే గదా! ఆ సలహాను మన్నింపక, మరుసటి సంవత్సరమే యూజీసీ నిబంధనల ననుసరించి వ్రాతపరీక్షను కేవలము అర్హతకు పరిమితము చేసి వైవానే నిర్ణాయకము గావించిరి. నేనడుగున దొక్కటే: అంకెలతో సహా వచ్చిన ఆ సలహాను కాదనుటకు కారణమేమో, ఆ సంఘమునకు బదులుగా, అంకెలతో సహా వ్రాసి చూపవలసిన బాధ్యత ఎవరికిని లేదా?

మా ప్రాంగణమున ఫిర్యాదులే లేవు, కావున వివక్షయే లేదు అను వాదము అన్నిటికన్న సులభముగా పలుకబడునది, అన్నిటికన్న ప్రమాదకరమైనది. పరిశోధక విద్యార్థి స్థితిని తలచుకొనుడు. ఫెలోషిప్పు నెలనెల రావలెనన్న పర్యవేక్షకుని సంతకము కావలెను. వార్షిక ప్రగతి నివేదికకు ఆయన సంతకము. సిద్ధాంతగ్రంథము సమర్పించుటకు ఆయన అనుమతి. పిదప ఉద్యోగమునకు ఆయన సిఫార్సు లేఖ. అయిదారేండ్ల జీవితము ఒక్క కలము కొనపై వ్రేలాడుచుండగా, ఆ కలము పట్టినవానిపై ఫిర్యాదు వ్రాసి, అదే భవనములోని మరియొక గదిలో ఇచ్చి, సాయంకాలము అదే ప్రయోగశాలకు తిరిగి రాగల ధైర్యము ఎందరికుండును? ఫిర్యాదులు లేకుండుట న్యాయమునకు సాక్ష్యము కావచ్చును, భయమునకు సాక్ష్యము కావచ్చును. ఏదియో అడిగి తెలిసికొననిదే చెప్పజాలము. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 2006లో సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన నియుక్తమైన సంఘము ఆ పనియే చేసినది: గదిలో కూర్చుండి ఫిర్యాదులకై నిరీక్షింపక, విద్యార్థులను అడిగినది. వసతిగృహములలో షెడ్యూల్డ్ కులముల, తెగల విద్యార్థులు వేధింపులకు తాళలేక కొన్ని అంతస్తులకే చేరి గుమిగూడి యున్నట్లును, ఉపాధ్యాయుల ఆదరణలోను, మౌఖిక, ప్రయోగ పరీక్షలలోను భేదభావము తమకు అనుభవమైనట్లు వారు చెప్పినట్లును 2007లో నివేదించినది. ఆ సంస్థ ఆ నివేదికను అంగీకరింపలేదు. అంగీకరింపకుండుట వారి యిష్టము కావచ్చును; అడిగినగాని తెలియని సత్యమొకటి ఆ అంతస్తులలో ఉండినదన్న విషయమును మాత్రము ఆ తిరస్కారము చెరపజాలదు.

హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రస్తావన లేకుండ తెలుగువా డెవ్వడును ఈ చర్చ ముగింపజాలడు. అంబేద్కర్ విద్యార్థి సంఘమునకు చెందిన ఐదుగురు పరిశోధకులు 2015 చివర వసతిగృహమునుండి వెలివేయబడి, ప్రాంగణములోనే ఆరుబయట రాత్రులు గడపిరి. వారిలో నొకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణములు విడిచెను. ఆ వ్యవహారమున ఎవరి బాధ్యత యెంత యను విషయము విచారణ సంఘముల యెదుటను న్యాయస్థానముల యెదుటను నలిగినది. దానిపై తీర్పు చెప్పుటకు నేనిచ్చట పూనుకొనలేదు. కాని యొక విధానమును గూర్చి చెప్పక తప్పదు. పల్లెనుండి వచ్చి, ఇంట మొదటిసారి విశ్వవిద్యాలయపు గడప త్రొక్కిన విద్యార్థికి వసతిగృహము కేవలము నివాసము కాదు. తిండి, గ్రంథాలయము, స్నేహము, చదువు కొనసాగుననెడి నమ్మకము, అన్నియు అదియే. అట్టి దానినుండి వెలివేయు శిక్ష విధించుటకు ముందు, ఫెలోషిప్పు నెలలకొలది నిలిపివేయుటకు ముందు, ఈ శిక్ష వీని చదువును ఏమి చేయునో పరిశీలించి పాలకులకు వ్రాతమూలముగా చెప్పు సంఘమొకటి యుండి తీరవలెననుట అతిశయమా? శిక్ష విధింపరాదని కాదు. తెలియక విధించితిమని పిదప చెప్పుటకు వీలులేకుండ చేయుట.

యూజీసీ 2012లోనే సమత్వ నిబంధనలు చేసి, ప్రతి సంస్థయు సమాన అవకాశాల విభాగమును నెలకొల్పవలెననియు, వివక్ష నిరోధక అధికారిని నియమింపవలెననియు ఆదేశించినది. ఆ నిబంధనలు ఆచరణలో లేవని మొరపెట్టుకొని 2019లో సుప్రీంకోర్టు నాశ్రయించినవారెవరు? రోహిత్ తల్లియు, ముంబయిలో వైద్యవిద్య నభ్యసించుచు ఆ యేడే మరణించిన పాయల్ తడ్వీ తల్లియు. బిడ్డలను పోగొట్టుకొన్న ఇరువురు తల్లులు, ఏడేండ్ల నాటి నిబంధనను అమలుపరుపుడని దేశపు అత్యున్నత న్యాయస్థానమును వేడవలసి వచ్చిన తరువాత కూడ, ఈ సంఘములు చేయవలసిన పని స్వల్పమని పలుకగలవారిని చూచి నాకు దుఃఖము కలుగుచున్నది.

కులమును లెక్కించినచో కులము పెరుగునను వాదమును గూర్చి విస్తరింపను. రోగములను లెక్కించుటచేత రోగములు ప్రబలునని వైద్యశాస్త్రమున ఎవరును వాదింపలేదు. అమెరికా దృష్టాంతము మాత్రము కొంత విచారణకు తగినది. ఏలయన 2023 జూన్‌లో అచ్చటి సుప్రీంకోర్టు హార్వర్డు, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయముల ప్రవేశ విధానములను కొట్టివేసినది మొదలు, లోకమంతయు విడిచిన దారిని మన మేల పట్టుకొని యుండవలెనని మన పత్రికలలోను వ్రాయుచున్నారు. అచ్చట 1978 నాటి బాకీ తీర్పులో న్యాయమూర్తి పావెల్, గతాన్యాయ పరిహారమును ఆధారముగా అంగీకరింపక, నానావర్గముల విద్యార్థులు కలిసి చదువుటవలన విద్యకు కలుగు ప్రయోజనమును ఆధారముగా నిలిపెను. అనగా వారు పునాది వేసినది సంస్థకు కలుగు లాభముపై. లాభము చాలదని కోర్టు తలచిననాడు ఆ భవనము కూలినది. మన పునాది యది కాదు. 1951లో మొదటి సవరణ ద్వారా చేరిన 15(4), మొదటినుండియు నున్న 16(4), 46 అధికరణములు ఏ విశ్వవిద్యాలయమునకును శోభ చేకూర్చుటకై వ్రాయబడినవి కావు. వెనుకబడినవారి హక్కునకై వ్రాయబడినవి. కావున అచ్చటి తీర్పు ఇచ్చటి వాదమునకు ఆధారము కానేరదు. మన సలహా సంఘములు తమను తాము ప్రాంగణ వైవిధ్యమునకు నిదర్శనములుగా, ఛాయాచిత్రములకు అలంకారములుగా భావించుకొనుట ఎంత అపాయమో మాత్రము దానినుండి గ్రహింపవచ్చును.

ఇంతవరకు ఎదుటివారితో వాదించితిని. నా పక్షమువారితోను ఒక వివాదమున్నది. అధికారము లేని సంఘమెందుకు, ఉపకులపతి నియమించిన సభ్యులు ఉపకులపతికి ఎదురు చెప్పుదురా, ఇచ్చినచో అధికారమే ఇయ్యుడు, లేనిచో ఈ తంతు మానుడు అని యువకులు, ముఖ్యముగా వెలివాడలనుండి వచ్చి ఎదురుదెబ్బలు తిన్న యువకులు, కోపముతో పలుకుచున్నారు. ఆ కోపము న్యాయమైనది. లైజాన్ అధికారియని పేరు పెట్టి, ఇంకను పదోన్నతికై ఎదురుచూచుచున్న అధ్యాపకు నొకనిని కూర్చుండబెట్టి, రిజిస్ట్రారును ప్రశ్నింపుమనుట ధర్మము కాదు. సభ్యులలో కొందరైన ఆ విశ్వవిద్యాలయమునకు బయటివారు కావలెను. పరిశోధక విద్యార్థులు ఎన్నుకొన్న ప్రతినిధి యుండవలెను. నియమించిన తరువాత పదవీకాలము ముగియునంతవరకు తొలగింప వీలుండరాదు. ఇవన్నియు నేనును కోరుదును. కాని నిర్ణయాధికారమును కోరకుడని మనవి చేయుదును. నియామక నిర్ణయమున సంఘము భాగస్వామి యైన మరుక్షణమే, ఆ నిర్ణయములోని లోపము దాని లోపమే యగును, పిదప అడుగువాడెవడు? 1928లో బొంబాయి ప్రభుత్వము అణగారిన వర్గముల, ఆదివాసుల స్థితిని విచారించుటకు స్టార్ట్ అధ్యక్షతన వేసిన సంఘములో అంబేద్కర్ సభ్యుడుగా కూర్చుండెను. ఆ సంఘమునకు ఒక్క పాఠశాలను తెరచు అధికారము లేదు. అయినను ఆ ప్రెసిడెన్సీలో అస్పృశ్యులకు విద్య యెట్లు నిరాకరింపబడుచున్నదో 1930 నాటి దాని నివేదిక ప్రభుత్వ పత్రముగా నిలిచినది. ప్రభుత్వమే స్వయముగా ముద్రించిన సత్యమును ప్రభుత్వము ఎరుగనని చెప్పజాలదు. అంబేద్కరంతటివాడు అధికారము లేదను కారణముచే ఆ పీఠమును తిరస్కరింపలేదు.

మిగిలినది రహస్యవాదము. నియామక పత్రములు, వైవా మార్కులు, రోస్టరు రిజిస్టరు రహస్యములనియు, వానిని సలహా సంఘమునకు చూపుటయే నియమభంగమనియు కొందరు రిజిస్ట్రారులు పలుకుదురు. సమాచార హక్కు చట్టము 2005లో వచ్చినది. దాని నాలుగవ సెక్షను ప్రభుత్వ సంస్థలు ఎవరును అడుగకయే తమ సమాచారమును వెల్లడింపవలెననుచున్నది. పరిపాలనా నిర్ణయములకు గల కారణములను ఆ నిర్ణయముచే ప్రభావితులైన వారికి తెలుపవలెననుచున్నది. పదిరూపాయల దరఖాస్తుతో వీథిలోని పౌరుడు అడుగగల పత్రమును, ఆ పత్రమును పరిశీలించుటకే ఏర్పడిన సంఘమునకు నిరాకరించుట ఏ చట్టమునకును ఒప్పదు. అభ్యర్థుల పేర్లు తీసివేసి ఇయ్యవచ్చును. సంఘము కోరునది పేర్లను కాదు, అంకెలను. ఏటేట రోస్టరు స్థితి, ఖాళీల పట్టిక, వ్రాత మార్కులకును వైవా మార్కులకును గల అంతరము, చదువు మధ్యలో మానినవారి సంఖ్య, నిలిచిపోయిన ఫెలోషిప్పులు, వసతిగృహ శిక్షలు, వీనినన్నిటిని ఒక్క నివేదికగా కూర్చి పాలకమండలి ముందుంచవలెను. పాలకమండలి తరువాతి సమావేశమునకు మునుపే ప్రతి సిఫార్సునకును అంగీకారమో, కారణముతో కూడిన తిరస్కారమో వ్రాసి యియ్యవలెను. ఆ రెండు పత్రములును కలిపి కుట్టి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున, అడిగిన ప్రతి విద్యార్థియు చదువుకొనునట్లు ఉంచవలెను.